తిరుపతి ఇంట్లో రీఫ్ ట్యాంక్: ఏ స్కిమ్మర్ తీసుకోవాలి?

పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకే రీఫ్ ట్యాంక్. అందులోని వ్యర్థాన్ని నురగగా బయటికి తీసే పరికరం స్కిమ్మర్. అది కొనేవాళ్లు ముందుగా చూసేది అట్టపెట్టె మీద రాసిన లీటర్లు. ఆ అంకెను చివర్లో చూడండి. మన ఊళ్లో ఎంపికను తేల్చేవి వేరే ఉన్నాయి: ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టె, అంటే సంప్‌లో నీళ్ల లోతు ఎంత, మోటారు ఏ రకం, కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు అది ఏం చేస్తుంది. ఈ మూడూ కుదిరితే మధ్యరకం స్కిమ్మర్ కూడా ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తుంది. కుదరకపోతే జర్మనీ సరుకు తెప్పించినా మురికి నురగ పడే కప్పు పొంగి హాలంతా ఉప్పునీళ్లే.

అసలు అది చేసే పని ఇది. మిగిలిన మేత, చేపల మలం, పగడాలు వదిలే జిగురు నీళ్లలో కరిగి సేంద్రియ వ్యర్థంగా మారతాయి. ఈ అణువుల్లో చాలావాటికి ఒక కొస నీళ్లలో ఉండాలని చూస్తుంది, రెండో కొస నీళ్లకు దూరం జరుగుతుంది. అందుకే బుడగ దొరికితే దాని అంచుకు అంటుకుంటాయి. సన్నని బుడగలు కుప్పలుగా పుట్టించి గొట్టంలో పైకి పంపితే, పైన నురగ కట్టి, మెడ దాటి కప్పులో పడుతుంది. చెత్త కుళ్లి నైట్రేట్‌గా, ఫాస్ఫేట్‌గా మారకముందే బయటికి పోతుంది. ఒకసారి నైట్రేట్‌గా మారాక స్కిమ్మర్ దాన్ని తీయలేదు. అప్పుడు నీళ్లు మార్చాలి, లేదా సంప్‌లో చీటో లాంటి నాచు పెంచాలి. ఇంకో మాట, ఉప్పునీళ్లలో బుడగలు సన్నగా, విడివిడిగా నిలుస్తాయి. మంచినీళ్లలో ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్దవవుతాయి. గప్పీల ట్యాంకుకు స్కిమ్మర్ పెడితే కరెంటు దండగ.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్ర ఆచార్యుడు కెన్ ఫెల్డ్‌మన్ 2009లో స్కిమ్మర్ల పనితనాన్ని కొలిచి చూశారు. ఆ పరీక్షల్లో నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో స్కిమ్మర్లు తీయగలిగింది సుమారు 20 నుంచి 35 శాతమే. మోడల్‌కీ మోడల్‌కీ మధ్య పెద్ద తేడా కూడా కనబడలేదు. కాబట్టి ధర రెట్టింపు పెడితే నీళ్లు రెట్టింపు శుభ్రమవుతాయని అనుకోవద్దు. ఎక్కువ డబ్బుకు మీకు దక్కేవి తక్కువ శబ్దం, ఎక్కువకాలం వచ్చే మోటారు, సులువుగా విప్పి కడుక్కునే వీలు. ఇంట్లో పెట్టుకునే వస్తువుకు ఇవీ ముఖ్యమే, కాకపోతే దేనికి డబ్బు ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

అసలు కొనాలా?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో పట్టేది సుమారు 56 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోగా నీళ్లు 45 లీటర్లకు మించవు. ఇంత చిన్నదానికి స్కిమ్మర్ అక్కర్లేదు. వారానికి ఆరేడు లీటర్లు మారిస్తే సరిపోతుంది. ఆ డబ్బు నీళ్లలో కరిగిన లవణాలను తీసే ఆర్వో, డీఐ ఫిల్టర్ మీద పెట్టండి. మన కొళాయిలో వచ్చేది కల్యాణి డ్యామ్ నీళ్లయినా, తెలుగు గంగ నీళ్లయినా, అపార్ట్‌మెంటు బోరు నీళ్లయినా నేరుగా రీఫ్ ట్యాంకులో పోయడానికి పనికిరావు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2022లో జిల్లాలు మారినప్పటి నుంచి సూళ్లూరుపేట వైపు సముద్రం మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. పులికాట్ నుంచి డబ్బాలతో నీళ్లు తెచ్చుకుంటే పోలా అని అడిగేవాళ్లున్నారు. పులికాట్‌ది ఉప్పు తక్కువ కలిసిన నీళ్లు, కాలాన్ని బట్టి ఆ ఉప్పు కూడా మారిపోతుంది. పగడాలకు పనికిరాదు, అందులో స్కిమ్మర్ నురగ కూడా సరిగా కట్టదు. అక్వేరియం కోసం అమ్మే ప్యాకెట్ సముద్రపు ఉప్పు కలుపుకుని సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర పెట్టుకోవడమే మేలు.

ఇక 100 లీటర్లు దాటితే స్కిమ్మర్ ఉండటం మంచిది. 200 లీటర్ల దగ్గరికి వచ్చి నాలుగైదు చేపలు వేస్తే తప్పనిసరి అనే నేనంటాను. దానికి కారణం శుభ్రత ఒక్కటే కాదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో నిలిచే ప్రాణవాయువు తగ్గుతుంది. సముద్రపు నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. బయట 42 డిగ్రీలున్న మే నెలలో, నీళ్లను చల్లబరిచే చిల్లర్ లేని ఇంట్లో, రాత్రిపూట చేపలు పైకి వచ్చి గుటకలు వేయకుండా కాపాడేవాటిలో స్కిమ్మర్ కలిపే గాలి ఒకటి. చల్లటి దేశాలవాళ్లు రాసే సలహాల్లో ఈ విషయానికి అంత చోటు ఉండదు.

మీరు పెంచేది ఏమిటన్నదీ లెక్కలోకి వస్తుంది. మన సముద్రాల్లోని గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. అంగట్లో ఎవరైనా గుట్టుగా చూపిస్తే ముట్టుకోకండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, లెదర్ లాంటి మెత్తని రకాలు. ఇవి నీళ్లలో కాస్త పోషకాలు ఉంటేనే బాగా విచ్చుకుంటాయి. నీళ్లను గాజులా మార్చేసే భారీ స్కిమ్మర్ వీటికి మేలు కంటే కీడే చేస్తుంది.

మూడు రకాలు, మూడు ఇళ్లు

సంప్ లేని ట్యాంకుకు వెనక తగిలించే హ్యాంగ్ ఆన్ రకం ఒక దారి. అద్దె ఇంట్లో ఉండి, గాజుకు రంధ్రం కొట్టించడం ఇష్టం లేనివాళ్లకు ఇది నప్పుతుంది. చిత్తూరులో ఉద్యోగం, రెండేళ్లకు బదిలీ అనుకునే వాళ్లకు ఇదే చెబుతాను. బబుల్ మేగస్ క్యూక్యూ వరస చిన్న ట్యాంకులకు, రీఫ్ ఆక్టోపస్ బీహెచ్ వరస కాస్త పెద్దవాటికి. దీని బలహీనత ఏమిటంటే పెట్టె సగం ట్యాంకు బయట వేలాడుతుంది. తిరిగి వచ్చే దారిలో నత్తో, నాచో అడ్డం పడితే నీళ్లు నేల మీదికే. ట్యాంకుకూ గోడకూ మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ కూడా ఉండాలి. కొనేముందు ఈ ఖాళీ కొలిచేవాళ్లు తక్కువ.

రెండో దారి ట్యాంకు లోపలే పెట్టేది. జర్మనీ కంపెనీలు టుంజే, ఎహీమ్ ఇలాంటివి చేస్తాయి. టుంజే 9001 అయస్కాంతంతో లోపలి గోడకు అతుక్కుంటుంది. చూడటానికి అందంగా ఉండదు, ఆ మూల పగడాలు పెట్టడానికి చోటు పోతుంది. కానీ కారితే ట్యాంకులోకే కారుతుంది. కరెంటు పోయినప్పుడు దీనికి ఇంకో లాభం ఉంది, అది కింద చెబుతాను. ఈ రెండు రకాలకూ ఉన్న చిక్కు ఒకటే: నీళ్లు ఆవిరైతే మట్టం ట్యాంకులోనే తగ్గుతుంది, మట్టం తగ్గితే నురగ తగ్గుతుంది. రోహిణి కార్తెలో పొద్దున పోసిన మట్టం సాయంత్రానికి ఉండదు. రోజూ ఆర్వో నీళ్లు పోసే ఓపిక లేకపోతే, తగ్గినంత నీళ్లు దానంతట అదే పోసే ఆటో టాప్ అప్ కూడా కొనాల్సిందే.

మూడోది సంప్‌లో పెట్టేది. సొంత ఇల్లు, కింద క్యాబినెట్, మూడడుగులకు మించిన ట్యాంక్ అయితే వేరే ఆలోచన వద్దు, ఇదే. బుడగల గది పెద్దది, మోటారు పెద్దది, అందవికారం తలుపు వెనక ఉంటుంది. బబుల్ మేగస్ కర్వ్ 5, రీఫ్ ఆక్టోపస్ క్లాసిక్ వరస మన దగ్గర హాబీవాళ్ల ఇళ్లలో కనిపించే పేర్లు. రెండూ చైనా తయారీ, రెండూ సూది చక్రం రకం. అంటే మోటారు చక్రానికి మామూలు రెక్కలకు బదులు సన్నని పుల్లలు ఉంటాయి, అవి గాలిని చీల్చి చీల్చి చిన్న బుడగలు చేస్తాయి.

సంప్ రకంలో కీలకం నీళ్ల లోతు. చాలా మోడళ్లు 7 నుంచి 9 అంగుళాల లోతులో నిలబడేలా చేసినవి. లోతు ఎక్కువైతే కప్పులోకి నీళ్లే వస్తాయి, తక్కువైతే నురగ మెడ దాకా రాదు. అంగడిలో సంప్ చేయించి, తర్వాత స్కిమ్మర్ వెతికితే ఈ లెక్క తప్పుతుంది. ముందు స్కిమ్మర్ ఖాయం చేసుకోండి, దాని కాగితం మీద ఉన్న లోతు చూపించి, ఆ గదికి అడ్డగాజు అంత ఎత్తులో పెట్టమని ట్యాంకు చేసేవాళ్లకు చెప్పండి. మన ఊళ్లో గాజు కోసి ట్యాంకులు అతికేవాళ్లకు ఇది పెద్ద పని కాదు. సంప్ ఇప్పటికే ఉంటే, నీళ్లు లోతుగా ఉంటే స్కిమ్మర్ కింద అక్రిలిక్ లేదా పీవీసీ ముక్కలతో పీట వేయండి. ఇనుము మాత్రం వద్దు. క్యాబినెట్ లోపలి ఎత్తు కూడా చూడండి. కప్పును పైకి లాగి తీయడానికి స్కిమ్మర్ పైన కనీసం మూడు అంగుళాలు ఖాళీ లేకపోతే కడిగిన ప్రతిసారీ తిట్టుకుంటారు.

చెక్క ఎయిర్ స్టోన్‌తో నడిచే పాత రకం చవక. స్టోన్ మూడు నాలుగు వారాలకొకటి మార్చాలి, బుడగల సైజు మారిపోతుంటుంది. దానిమీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

మోటారు, ఇన్వర్టర్, కరెంటు

ఇక్కడే నిదానంగా ఆలోచించండి. స్కిమ్మర్ మోటార్లు రెండు రకాలు: గోడ ప్లగ్గులోంచి నేరుగా నడిచే ఏసీ, అడాప్టర్ ద్వారా 24 వోల్టులతో నడిచే డీసీ. డీసీలో వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు, శబ్దం తక్కువ, కరెంటు కొంచెం తక్కువ తాగుతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ. పైగా కంట్రోలర్ పోతే మోటారు బాగున్నా స్కిమ్మర్ మూలన పడుతుంది, విడిగా కంట్రోలర్ దొరికేదాకా ఆగాలి. ఏసీ మోటారు మొరటుది, వేగం మారదు, కొంచెం గుయ్యిమంటుంది, కానీ చక్రం మార్చుకుంటే మళ్లీ నడుస్తుంది.

మొదటిసారి కొనేవాళ్లకు నా ఓటు పేరున్న కంపెనీ ఏసీ మోటారుకే. ట్యాంకు పడకగదిలో ఉంటేనో, వోల్టేజి స్టెబిలైజర్ పెట్టుకోగలిగితేనో డీసీ. బంధువులెవరైనా అమెరికా నుంచి తెస్తామంటే ఏసీ మోడల్ వద్దనండి. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్జ్ మారదు, మోటారు నెమ్మదిగా తిరిగి బుడగలు తగ్గుతాయి.

ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ అయితే ఏసీ మోటారు గట్టిగా మోగుతుంది, వేడెక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి. అంతకంటే పెద్ద ప్రశ్న: ఇన్వర్టర్ మీద స్కిమ్మర్ పెట్టాలా? సంప్ స్కిమ్మర్ అయితే దాన్ని ఒక్కదాన్నే పెట్టి లాభం లేదు. సంప్ నీళ్లను పై ట్యాంకుకు ఎక్కించే రిటర్న్ పంపు ఆగితే స్కిమ్మర్ కలిపే గాలి కింద సంప్‌లోనే ఉంటుంది, పైన చేపలకు చేరదు. పైన నీళ్లు కదిలించే మోటారుకో, ఎయిర్ పంపుకో ముందు చోటివ్వండి. ట్యాంకు లోపల పెట్టే రకానికి ఉందన్న లాభం ఇదే, అది నేరుగా చేపలున్న నీళ్లలోనే గాలి కలుపుతుంది.

అసలు గొడవ కరెంటు వచ్చాక మొదలవుతుంది. ఆగినప్పుడు పై ట్యాంకులోని నీళ్లు కొన్ని సంప్‌లోకి దిగుతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకులో ఒక్క అంగుళం దిగితే పది లీటర్ల పైమాటే. సంప్ మట్టం అడ్డగాజును ముంచేస్తుంది. కరెంటు రాగానే స్కిమ్మర్ లోతైన నీళ్లలో మొదలై కప్పు నింపి పొర్లుతుంది. కప్పుకు గొట్టం పెట్టి బయట బకెట్‌లోకి వదిలిన ఇళ్లలో ఇంకా ప్రమాదం. స్కిమ్మర్ ఉప్పునీళ్లు బయటికి తోడేస్తుంటే, నీళ్లు తగ్గాయనుకుని ఆటో టాప్ అప్ మంచినీళ్లు పోస్తూనే ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇలా జరిగితే సాయంత్రానికి ట్యాంకులో ఉప్పు పడిపోయి ఉంటుంది. అందుకే కరెంటు వచ్చాక పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా స్కిమ్మర్‌ను మొదలుపెట్టే డిలే టైమర్ పెట్టించుకోండి, ఎలక్ట్రీషియన్ అమర్చి ఇస్తాడు. బకెట్‌కు బదులు మూత బిగించిన చిన్న డబ్బా, దాని మూతలో తేలుడు వాల్వ్ ఉంటే ఇంకా మంచిది. డీసీ కొంటున్నట్లయితే కరెంటు వచ్చాక దానంతట అది పాత వేగంతో మొదలవుతుందా, బటన్ నొక్కాలా అని అడగండి. ఊరెళ్లినప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

సున్నం పట్టిన ఏసీ మోటారు నడుస్తున్నంతసేపు నడుస్తుంది, ఒకసారి ఆగితే మళ్లీ తిరగలేక గుయ్యిమంటూ కూర్చుంటుంది. ఎండాకాలం మొదలయ్యేలోపు మోటారు విప్పి, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడగండి. పింగాణీ ఇరుసు పెళుసుగా ఉంటుంది, జాగ్రత్త.

కరెంటు బిల్లు గురించి అడుగుతారు కాబట్టి: 15 వాట్ల మోటారు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు సుమారు 11 యూనిట్లు. చిల్లర్ పక్కన ఇది లెక్కలోకే రాదు.

గాలి ఎక్కడిది?

స్కిమ్మర్ పీల్చేది ఇంట్లో గాలినే. దోమల మందు ప్లగ్గు, కాయిల్, సాంబ్రాణి పొగ, పండగకు వేసే పెయింటు వాసన, అన్నీ సన్నని బుడగలై నేరుగా నీళ్లలోకి వెళ్తాయి. దోమల మందుల్లో వాడే పైరెథ్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ విషం. అవ్వను సాంబ్రాణి వేయొద్దని ఎవరూ చెప్పలేరు గానీ, స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టవచ్చు. తలుపులు మూసి ఏసీ వేసుకునే గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ట్యాంకు పీహెచ్ పడిపోతుంది, బయటి గాలి పీలిస్తే ఆ సమస్య కూడా తగ్గుతుంది. కాబట్టి మోడల్ ఎంచుకునేటప్పుడు గాలి దారికి మామూలు సన్న గొట్టం తగిలించే వీలుందో లేదో చూడండి. కొన్నిటికి మూత బిగించి ఉంటుంది, గొట్టం ఎక్కదు.

ఆ గాలి దారిలో ఉప్పు ఎండి గడ్డకడుతుంది. వారం పది రోజులకొకసారి గోరువెచ్చని ఆర్వో నీళ్లు పీల్పిస్తే కరిగిపోతుంది. నురగ ఉన్నట్టుండి ఆగిపోయిందని కంగారుపడేవాళ్లలో ఎక్కువమందికి మందు ఇదే.

లీటర్ల అంకె

ఇప్పుడు పెట్టె మీద రాసింది చూడండి. మంచి కంపెనీలు చేపలు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు అంకెలు ఇస్తాయి. ఒకే అంకె ఉంటే అది చేపలు తక్కువున్న ట్యాంకుదే అనుకుని సగం చేసుకోండి. గ్యాలన్లలో ఉంటే 3.8తో గుణించండి. మీ ట్యాంకు, సంప్ కలిపి నిజంగా ఉన్న నీళ్లు లెక్కేసి, "చేపలు ఎక్కువ" అనే అంకె దానికి సమానంగానో కొంచెం పైగానో ఉంటే చాలు. "పెద్దది తీసుకో అన్నా, తర్వాత ట్యాంకు పెంచుకోవచ్చు" అని అంగడివాళ్లు అంటారు. పెద్ద స్కిమ్మర్‌కు తగినంత వ్యర్థం దొరకకపోతే నురగ మెడ దాకా వచ్చి విరిగిపోతుంది. రోజంతా గడిచినా కప్పు ఖాళీ, మీరేమో నాబ్ తిప్పుతూ కూర్చుంటారు.

కొత్తది పెట్టిన మొదటి వారం రెండు వారాలు ఏ స్కిమ్మరైనా పిచ్చిగా ప్రవర్తిస్తుంది. తయారీలో మిగిలిన నూనె జిడ్డు పోయేదాకా అంతే. వెనిగర్ నీళ్లతో ముందే కడిగితే త్వరగా దారికొస్తుంది. కొబ్బరినూనె చేతులు ట్యాంకులో పెడితే కొన్ని గంటలు నురగ ఆగిపోతుంది. కప్పులో పడేది డికాషన్ రంగులో ఉంటే సరైన చోట పెట్టినట్టు. పల్చటి టీ నీళ్లలా నిండిపోతుంటే లోపలి మట్టం కొంచెం దించండి. మెడను రెండు మూడు రోజులకొకసారి పాత టూత్ బ్రష్‌తో తోమాలి, సబ్బు వద్దు. ఆ కప్పు వాసన గురించి ముందే చెబుతున్నా, వంటగది సింకులో మాత్రం పారబోయకండి.

ఎక్కడ కొనాలి

తిరుపతిలో అక్వేరియం అంగళ్లున్నా సముద్రపు సరుకు తెప్పించి ఇచ్చేవి తక్కువ. చెన్నై కొళత్తూరు వెళ్తే నడుస్తున్న స్కిమ్మర్‌ను కళ్లారా చూడొచ్చు, శబ్దం వినొచ్చు. పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటారు. ఆన్‌లైన్‌లో ధర తక్కువ కనిపించినా కొనేముందు ఒక్కటి అడగండి: ఈ మోడల్‌కు సూది చక్రం విడిగా మీ దగ్గర ఉందా? ఉంది అంటే స్కిమ్మర్‌తోపాటే ఒకటి కొని పెట్టుకోండి. లేదంటే ఎంత మంచి పేరున్నా ఆ మోడల్ వదిలేయండి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చు, అక్రిలిక్ గొట్టం త్వరగా పాడవదు. అతుకుల దగ్గర సన్న పగుళ్లు వెలుతురుకు పట్టి చూడండి, కప్పు కింది రబ్బరు రింగు మెత్తగా ఉందో లేదో నొక్కి చూడండి, మోటారును బకెట్ నీళ్లలో పెట్టి నాలుగైదుసార్లు ఆపి వేయించండి. పాత యజమాని చేపల జబ్బుకు రాగి మందు వాడాడా అని తప్పకుండా అడగండి. వాడి ఉంటే ఆ స్కిమ్మర్ చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకు సరే, పగడాలూ రొయ్యలూ ఉన్నదానికి వద్దు.